మొదటి ముద్ద

నిన్న మధ్యాహ్నం పాత వీధి నుంచి పూలమ్మే ఆమె వచ్చింది. గంప కూడా దించకుండా గుమ్మంలోనే చెప్పింది.

"అమ్మా, మీ వెనక వాటాలో ఉన్నింది సూడు, ఆ తిండిపోతామె. పోయిందంట. చిత్తూర్లో తమ్ముడింట్లో."

చెప్పి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చచ్చిపోయిన మనిషిని తిండిపోతని, ఆ నోటితోనే ఏడవడం చూసి మా కోడలు నా వైపు వింతగా చూసింది. కొత్తగా వచ్చిన పిల్ల. తిరుపతి వాళ్ళకు మర్యాద తెలియదనుకుని ఉంటుంది. ఆ పిల్లకు సంగతి చెబుదామని కూర్చున్నాను కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఆమె ఎక్కడ పుట్టిందో, తల్లిదండ్రులెవరో నాకు తెలియదు. పేరు తెలుసు. ఆ పేరుతో మా వీధిలో ఎవరూ పిలవలేదు కాబట్టి ఇక్కడా రాయను. రాత్రంతా పక్క మీద అటూ ఇటూ దొర్లి, పొద్దున్నే ఇది రాస్తున్నాను. రాస్తే అయినా మనసు ఒక చోట నిలుస్తుందేమోనని.

నేను పలమనేరు పిల్లను. చల్లటి ఊళ్ళో పెరిగినదాన్ని తెచ్చి తిరుపతి ఎండలో కాపురానికి పెట్టారు. గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో మా అత్తగారిల్లు. ముందు వాటాలో మేము, మధ్యన బావి ఉన్న ముంగిలి, దాని అవతల వెనక వాటా. అవి యుద్ధం రోజులు. మద్రాసు మీద బాంబులు పడతాయని జనం చంకన పిల్లల్ని, నెత్తిన మూటల్ని పెట్టుకుని రైలు దిగేవారు. అలా దిగినవాళ్ళే వీళ్ళిద్దరూ. పిల్లలు లేరు. ఆయన మద్రాసులో పెద్ద అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడట. ఇక్కడ శుభలేఖలు, పంచాంగాలు వేసే చిన్న ప్రెస్సులో అదే పనికి కుదిరాడు. పొడుగాటి మనిషి. ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు వేసుకుని, వీధిలో గోడవారగా నడిచేవాడు. ఎవరితోనూ పేచీ లేదు, మాటా లేదు. మంచి మనిషి అని ఊళ్ళో పేరు. ఎక్కువ మాట్లాడని మగవాడికి మనవాళ్ళు ఆ పేరు ఊరికే ఇచ్చేస్తారు.

పేరు పోగొట్టుకున్నది ఆమే.

వాళ్ళు వచ్చిన మొదటి వారంలోనే మా అత్తగారు నన్ను వంటింటి కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి చూపించింది. వెనక వాటా వసారాలో ఆయన ఆకు ముందు కూర్చున్నాడు. ఎదురుగా ఆమె. వడ్డన అయింది. ఆయన చెయ్యి పెట్టలేదు. ఆమె ఆయన ఆకులోంచే అన్నం, పప్పు, పుల్లగూర తలా కొంచెం తీసి కలిపి, ముద్ద చేసి తన నోట్లో పెట్టుకుంది. చెంబెడు నీళ్ళలో ఒక గుక్క తాగి చెంబు ఆయన ముందు పెట్టింది. ఆ తర్వాత ఆయన మొదలుపెట్టాడు.

"సూసినావా మే," అంది మా అత్తగారు. "మొగుడు తిన్న ఆకులో పెండ్లాం తింటాది. ఇది మొగుడికన్నా ముందే ఎంగిలి సేస్తాంది. ఏం ఆకలో ఏమో, కరువులో పుట్టినట్టుండాది."

మా అత్తగారు తిట్టడం మొదలుపెడితే వీధి చివర జట్కా గుర్రం కూడా మేత మానేసేదని మా మామగారు అనేవారు. ఆ రోజు నుంచి ఆమెకు తిండిపోతని పేరు పడింది. పడ్డ పేరుకు తగినట్టే రోజూ ఏదో ఒకటి చేసేది. వరలక్ష్మీ వ్రతం నాడు నా చేత ఓళిగలు, అదే బొబ్బట్లు, పంపిస్తే, పళ్ళెం అందుకుని గడపలోనే ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. పసుపు కుంకాలు కూడా అందుకోలేదు. "ఎట్లుండాదో సూద్దామని అమ్మణ్ణీ," అని నవ్వింది. గుడిలో తీర్థం ఇస్తుంటే మొగుణ్ణి మోచేత్తో వెనక్కి నెట్టి తన చెయ్యి చాపింది. పూజారి "ఏమ్మా, అంత తొందరేంది? ఆయనకివ్వనీ," అంటే, "దప్పికయితాంది స్వామీ," అంది. దప్పిక తీరడానికి తీర్థం తాగే మనిషిని ఆ గుడి అదివరకు చూసి ఉండదు. వెనక నిలబడ్డ ఆడవాళ్ళం ముక్కు మీద వేలేసుకున్నాం.

ఇంత తినే మనిషి సన్నగా ఉండేది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి. "తిన్నదంతా యాడికి పోతాదో," అని మా అత్తగారు రోజుకొకసారి ఆశ్చర్యపడేది. ఆ ప్రశ్నకు ఎవరం జవాబు వెతకలేదు.

గాజులంటే గుర్తొచ్చింది. రెండు చేతులకూ అన్నేసి మట్టిగాజులు వేసుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆమె నడిస్తే ముంగిలంతా గలగల. అది చాలదన్నట్టు తన ఇంట్లోకి తను వెళ్తూ కూడా "నేనే, నేనే వస్తాండా," అని కేకేసేది. గొంతు ఎప్పుడూ పైకే. బావి దగ్గర ఎవరైనా చెవి దగ్గరికి చేరి ఏదైనా చెప్పబోతే, "గెట్టిగా సెప్పు మే, గుసగుసలు నాకినపడవు," అనేది. చెవుడు అనుకున్నాం. కానీ వీధి మొగలో బెల్లం బండి వచ్చిందంటే అందరికన్నా ముందు ఆమెకే వినపడేది. అందుకని దొంగచెవుడు అని ఇంకో బిరుదు ఇచ్చాం. బిరుదులివ్వడంలో మా వీధి ఏనాడూ పిసినారితనం చూపలేదు.

ఇన్ని తిట్లు తిన్నా ఆమె సినిమాకి వస్తుందంటే అందరం సంబరపడేవాళ్ళం. రైలు గేటు దగ్గర రేకుల కొట్టంలో సినిమా ఆడేది. శుక్రవారం మధ్యాహ్నం ఆటకి ఆడవాళ్ళు ఎక్కువ. ఆయన ప్రెస్సుకి వెళ్ళగానే ఆమె వొళ్ళో వేయించిన చెనక్కాయలు పోసుకుని బయలుదేరేది. తెర మీద వాళ్ళతో ఇంటి మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడేది. "వాడి మాట నమ్మొద్దు తల్లీ," "వెనక సూడు నాయనా, వెనక," అని ఆమె కేకలు వేస్తుంటే మధ్యన కట్టిన నడుమెత్తు గోడ అవతల మగవాళ్ళు కూడా నవ్వేవారు. దేవుడు ప్రత్యక్షమైతే అందరం దండం పెట్టేవాళ్ళం. ఆమె మాత్రం "ఇంతసేపు యాడ పోయినావప్పా," అని నిలదీసేది.

అలా ఉండగా ఆ సినిమా వచ్చింది.

అరవ సినిమా. చిత్తూరు జిల్లాలో అరవం రాకపోవడమన్నది లేదు కాబట్టి భాషతో చిక్కు లేదు. చిక్కంతా కథతోనే. ఒక్క పాట లేదు, ఒక్క దేవుడు లేడు. ఒక ఇల్లు, అందులో ఒక మొగుడు, ఒక పెళ్ళాం. తనకెవరో విషం పెడుతున్నారని మొగుడికి అనుమానం. మొదట పాలవాడి మీద, తర్వాత పక్కింటివాళ్ళ మీద, ఆ తర్వాత పెళ్ళాం మీద. ఒక్కో కిటికీ మూసుకుంటూ వస్తాడు. ఒక్కో గదీ తాళం వేసుకుంటూ వస్తాడు. చివరికి ఒక గది, ఒక దీపం మిగులుతాయి. సినిమా అయ్యేసరికి ఆ గదిలో అతనితో పాటు మమ్మల్ని కూడా పెట్టి గడియ వేసినట్టయింది. అసలే రేకుల కొట్టం. వెలుగు రాకుండా తలుపులన్నిటికీ నల్లగుడ్డలు. చెమటలు కారిపోతున్నాయి. సగంలో మగవాళ్ళ వైపు నుంచి ఎవరో "తలుపులు తెరవండప్పా, ఊపిరాడలా," అని అరిచారు. తలుపు తీశారు. ఎండ పడి తెర తెల్లబోయింది. "మూయండి, మూయండి," అని ఇంకొందరు. మూస్తే మళ్ళీ ఊపిరాడదని గోల. నేను కూర్చోలేక, లేచి పోలేక, చీర కుచ్చెళ్ళు నలుపుతూ ఉండిపోయాను.

ఆ సంగతి జరిగింది అప్పుడే. తెర మీద మొగుడు ఆకు ముందు కూర్చున్నాడు. చెయ్యి పెట్టలేదు. పెళ్ళాన్ని చూసి, ముందు నువ్వు తిను, అన్నాడు. ఆమె అతని ఆకులోంచి ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. అతను ఆమె గొంతు వైపు చూస్తూ కూర్చున్నాడు.

మా బెంచీలో మొదట మా అత్తగారు తల తిప్పి చూసింది. తర్వాత ఎదురింటామె. తర్వాత ముందు వరసలో మా వీధివాళ్ళందరూ. ఒక్కరూ తెర వైపు చూడటం లేదు. అందరం మాతో వచ్చిన వెనక వాటా ఆమె వైపే చూస్తున్నాం. ఆమె చేతిలో చెనక్కాయ పగలకుండా ఉండిపోయింది. ఆ రోజు ఆమె తెరతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అప్పుడు తట్టింది నాకు, ఆమె గొంతు పైకి ఎందుకో, ఆ గాజులెందుకో, ఆ "నేనే, నేనే" ఎందుకో. ఇంట్లో గుసగుస వినపడకూడదు. అడుగుల చప్పుడు లేకుండా ఎవరూ వెనక నుంచి రాకూడదు. ఏ పళ్ళెమూ, ఏ తీర్థమూ ఆమె నోటి మీదుగా కాకుండా ఆయన దగ్గరికి పోకూడదు.

సినిమా చివర ఎవరో తలుపు కొడతారు. మొగుడు దీపం పట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చుంటాడు. అంతే. కొట్టింది ఎవరో చూపించలేదు, విషం నిజమో కాదో చెప్పలేదు. ఇంకా ఉందేమోనని జనం కదలకుండా కూర్చుంటే మిషను గదిలోంచి మనిషి బయటికొచ్చి, "అయిపోయింది, లేయండి," అన్నాడు. కొందరు వాణ్ణే కొట్టబోయారు.

ఆ సినిమా ఊరిని పట్టి పీడించింది. పెండ్లామే కలిపిందని మగవాళ్ళు, వాడికే పిచ్చని ఆడవాళ్ళు. ఇంటింటా వాదులాట. కాఫీ హోటల్లో గ్లాసు ముందుకొస్తే ఎదుటివాడి వైపు నెట్టి "ముందు నువ్వు తాగు" అనడం వేళాకోళమైపోయింది. బడి పిల్లలు జామకాయ కొరికేటప్పుడు కూడా "ముందు నువ్వు తిను" అనుకునేవారు. మా మామగారంతటి వారు నేను మజ్జిగ ఇస్తే గ్లాసులోకి ఒకసారి తొంగి చూసి తాగారు. నేను మాత్రం తక్కువ తిన్నానా. మూసి ఉన్న తలుపు కనపడితే చాలు, లేచి వెళ్ళి తీసి వచ్చేదాన్ని. మళ్ళీ ఎవరైనా వేస్తే మళ్ళీ తీసేదాన్ని.

మా వీధి ఆడవాళ్ళం ఒక మంచి పని చేశామనుకున్నాం. ఆమెను తిట్టడం మానేశాం. మా అత్తగారు వెనక వాటా వైపు చూసి నిట్టూర్చేది. ఎదురింటామె ముంతెడు నెయ్యి పంపింది. ఆయన గొడుగేసుకుని వీధిలోంచి పోతుంటే బావి దగ్గర మాటలు ఆగిపోయేవి. పిల్లల్ని దగ్గరికి లాక్కునేవాళ్ళం. పాపం అని కళ్ళతోనే అనుకునేవాళ్ళం. ఆయన పోయాక గుసగుసలాడుకునేవాళ్ళం.

ఆయన పిచ్చివాడే కావచ్చు కానీ గుడ్డివాడు కాదు. అక్షరంలో వంకర పట్టుకోవడమే పనిగా బతికిన మనిషి. ఒకరోజు సందెవేళ నేను బావి దగ్గర నీళ్ళు చేదుతుంటే వెనక వాటాలోంచి ఆయన గొంతు వినపడింది. అంత పొడుగు మాట ఆయన నోట అదే మొదటిసారి వినడం.

"ఇన్నేండ్లూ నాది అనుమానమన్నావు గదా. ఇప్పుడేమంటావు? వీధంతా నన్నే సూస్తాండారు. నేను పోతే మాటలాపేస్తాండారు. మన ఇంట్లో మాట, ముందు నువ్వు తిను అనే మాట, హోటల్లో అంటాండారు, ప్రెస్సులో అంటాండారు, సంటి పిల్లోళ్ళు అంటాండారు. మన సంగతి సినిమా తీసినారంట. వాళ్ళకెవరు సెప్పినారు? ఈ సంగతి తెలిసింది నీకొక్కదానికే."

ఆమె జవాబు నాకు వినపడలేదు. ఆమె గొంతు వినపడకపోవడం కూడా అదే మొదటిసారి. మర్నాడు ఆయన ముంగిలి వైపు కిటికీకి చెక్కపలక అడ్డం పెట్టి మేకులు కొట్టాడు. ప్రెస్సుకి పోవడం మానేశాడు. ప్రెస్సు కుర్రవాడు వచ్చి పిలిస్తే తలుపు తీయలేదు. ముంగిలిలో ఆ పలక కనపడినప్పుడల్లా నాకు సినిమా ఇంకా అయిపోలేదనిపించేది.

ఆ పలక కొట్టిన మూడోనాడు ఆమె మా వంటింట్లోకి వచ్చింది. గాజులు చప్పుడు కాకుండా ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని వచ్చింది. మా అత్తగారు పొయ్యి ముందు ఉంది, నేను రోటి దగ్గర ఊరిబిండి పచ్చడి నూరుతున్నాను.

"అత్తా," అంది. "ఆయన తినడం మానేసినాడు. నేను ముద్ద మింగినా తినలేదు. నీళ్ళు కూడా బాయిలో తనే చేదుకుని తాగతాండాడు."

మా అత్తగారు గరిటె కింద పెట్టింది. "అయ్యో. ఏం సేద్దాం మే? పెద్ద డాక్టరును పిలిపిద్దామా? మీ మామతో సెప్తా."

"ఒద్దత్తా. ఎవురొచ్చినా ఇంకా లోపలికి పోతాడు." పొయ్యి దగ్గరికి జరిగింది. "మీరు నన్ను తిట్టండి."

"ఏందే?"

"ముందు మాదిరి తిట్టండి. మొన్నటి దాకా నోటికొచ్చినట్టు తిట్టినోళ్ళు ఇప్పుడెందుకు మంచోళ్ళయినారు అంటాడు. నెయ్యెందుకు పంపినారంటాడు. మీరు తిడతా ఉంటే ఆయనను ఎవురూ సూడలేదు. అందురి కండ్లూ నామీదే ఉండినాయి. ఆ సాటున ఆయన సల్లగా ఉండినాడు."

నా చేతిలో పచ్చడిబండ ఆగిపోయింది. ఇన్నేళ్ళూ మేము ఆమె మీద వేసిన తిట్లన్నీ ఆమె గొడుగులా పట్టుకుని మొగుడి మీద ఎండ పడకుండా నిలబడిందని అప్పుడు అర్థమైంది. మేము దయ తలిచి ఆ గొడుగు లాగేశాం.

"నిన్నెట్ల తిట్టేది మే ఇప్పుడు," అంది మా అత్తగారు. "తెలిసినాక నోరొస్తాదా?"

"రావాలత్తా. నువ్వు తిడితే ఆయన ముద్ద తింటాడు."

మా అత్తగారు లేచి, కొంగు నడుముకు దోపి, ముంగిలిలోకి నడిచింది. ఆ తిట్టు మొదట్లో పేలవంగా ఉంది. కొత్త పెళ్ళికూతురు చేత పాట పాడించినట్టుంది. "ఏమ్మే, సిగ్గులేదా నీకు," అని ఆగిపోయింది. వెనకే వచ్చిన ఆమే అందించింది.

"ఎందుకు సిగ్గు? ఆకలేస్తే తినొద్దా?"

అంతే, మా అత్తగారికి పట్టు దొరికింది. "ఆకలా? మొగుడు ఆకు ముందర కూసున్నాడని లేదు, దేవుడు ముందరున్నాడని లేదు. నా వ్రతం ఓళిగ గడపలో మింగితివే. పసుపు కుంకమన్నా ముట్టితివా? తీర్థానికి కూడా మొగుణ్ణి తోసి పారేస్తివి. ఆ సినిమాలో ఆమె పాపం మొగుడి కోసం తినింది. నువ్వు నీ కడుపు కోసం తింటాండావు. రెంటికీ యాడన్నా పోలికుండాదా?"

ఆ చివరి మాట మా అత్తగారికి ఎలా తోచిందో నాకిప్పటికీ తెలియదు. ఎంత చదువుకున్నా నాకు తోచేది కాదు. గోడల మీద నుంచి తలలు లేచాయి. ఎదురింటామె ఒక క్షణం తెల్లబోయి, నా ముఖం చూసి, తనూ అందుకుంది. "నా నెయ్యి ముంత ఖాళీ సేసి ఇయ్యలేదింకా ఆ మహాతల్లి." పూలమ్మే ఆమె గంప దించి, "పూలు కూడా తినేస్తాదేమో అక్కా, సూసుకోండి," అని తన వంతు వేసింది. మా అత్తగారు తిడుతూనే ఉంది. అత్తగారి కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పొయ్యి లేని ముంగిలిలో నిలబడి పొగకన్నట్టు తుడుచుకుంది.

వెనక వాటా తలుపు గడియ చప్పుడైంది. అందరం నోరు మూయబోయాం. "ఆపొద్దు," అని ఆమె పెదవులతో అంది. మా అత్తగారు ఆపలేదు. ఆయన గడప దాటి వచ్చాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఒక్కొక్కరి ముఖమే చూశాడు. ఎవరం ఆయన వైపు చూడలేదు. అందరి కళ్ళూ ఆమె మీదే పెట్టుకున్నాం. నాకైతే మెడ నొప్పి పుట్టింది.

ఆయన మా అత్తగారి ముందుకొచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఆమెనేమీ అనొద్దండి," అన్నాడు. "ఆమె ఆకలికి తట్టుకోలేదు. చిన్నప్పటి నుంచీ అంతే. నేనే ముందు తినమంటాను. తప్పుంటే నాది."

ఆయన ఆమె వైపు తిరిగి, "లోపలికి రా. అన్నం పెట్టు," అన్నాడు.

ఆమె గాజులు గలగలలాడించుకుంటూ వెళ్ళింది. కాసేపటికి వసారాలో ఆకు పరిచిన చప్పుడు వినపడింది. మా అత్తగారు వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ పూట మా ఇంట్లో చారు మాడిపోయింది. మా మామగారు ఏమీ అడగకుండా మజ్జిగతో తిని లేచారు.

ఆ తర్వాత తిట్టడం మా వీధికి ఒక వ్రతమైంది. ఒకరు మరిచిపోతే ఇంకొకరు గుర్తుచేసేవారు. పెద్దవాళ్ళు ఊరెళ్ళిన రోజున నా వంతు వచ్చేది. నాకన్నా పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని, ఎలా తిట్టాలి. "ఏమక్కా, మళ్ళీ తినేసినావా," అని నసిగితే, బిందె పక్కకు పెట్టి మెల్లగా, "అది సాలదు అమ్మణ్ణీ, ఇంకొంచెం గెట్టిగా," అని నేర్పేది. ఇద్దరికీ నవ్వు ఆగేది కాదు. నవ్వు వినపడకూడదని నోట్లో కొంగు కుక్కుకునేవాళ్ళం. సినిమా మారింది, పౌరాణికం వచ్చింది, ఊరు "ముందు నువ్వు తిను" మరిచిపోయింది. కిటికీ పలక మాత్రం అలాగే ఉండిపోయింది. ఆయనకు నయమైందని నేను అబద్ధం చెప్పను. మళ్ళీ ప్రెస్సుకి వెళ్ళాడు, గోడవారగా నడిచాడు, ఆమె చేతి ముద్ద చూసి తిన్నాడు. ఆమె కోరుకున్నదీ అంతే.

యుద్ధం అయిపోయాక ఒక వానాకాలం ఆయన జ్వరంతో పోయాడు. మందు కూడా ఆమె ఒక గుటక తాగితేనే తాగాడట. కర్మలన్నీ అయ్యాక చిత్తూరు నుంచి తమ్ముడు జట్కా మాట్లాడుకుని వచ్చాడు. బయలుదేరే ముందు మా ఇంట్లో తిని వెళ్ళాలని మా అత్తగారు పట్టుబట్టింది. వంటింట్లోనే ఆకు వేసింది. చేతులకు గాజులు లేవు. ఆమె వచ్చి కూర్చుంటే ఎవరో కొత్త మనిషి వచ్చినట్టుంది. చప్పుడే లేదు.

అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించాను. ఆమె అన్నిట్లోంచి తలా కొంచెం తీసి కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఒక గుక్క నీళ్ళు తాగింది. తర్వాత చెయ్యి వొళ్ళో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది.

కూర బాగాలేదేమో అనుకున్నాను. ఉప్పు మరిచానేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది. ఆమె కాచుకుని ఉంది. ఎదుటి మనిషి మొదలుపెట్టడం కోసం. ఇన్నేళ్ళూ కిటికీలోంచి మేము చూసింది ఆ మొదటి ముద్దే. ఆ తర్వాత ఆమె ఎప్పుడు తిన్నదో, ఏం మిగిలితే తిన్నదో, అసలు తిన్నదో లేదో మాలో ఒక్కరం చూడలేదు. తిండిపోతని పేరు పెట్టినవాళ్ళం ఆమె రెండో ముద్ద ఎరగం.

"తిను అక్కా," అన్నాను. ఆమెకు వినపడలేదు. ఈసారి దొంగచెవుడు కాదు.

మా అత్తగారు మడి మనిషి. నా చెయ్యి తగిలితే మళ్ళీ నీళ్ళు పోసుకునేది. అలాంటిది పీట తెచ్చి ఆకుకు అటువైపు, ఆయన ఉంటే కూర్చునే వైపు, వేసుకుని కూర్చుంది. ఆమె ఎంగిలి చేసిన ఆకులోకి చెయ్యి చాపి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది.

"ఏంది మే అట్ల సూస్తాండావు, తిండిపోతుదానా," అంది. "నేను తింటాండా కదా. కలుపుకో."

ఆమె తలెత్తి మా అత్తగారి గొంతు వైపు చూసింది. చెయ్యి వొళ్ళోంచి తీసి ఆకులో పెట్టి, రెండో ముద్ద కలుపుకుంది.